నాకు వేసిన ‘అత్యుత్తమం’ రద్దు చేయమని మనవి

కో-ఆప్ విద్యా విభాగపు డైరెక్టరు గారి సముఖమునకు,

నాలుగవ సంవత్సరం సివిల్ ఇంజనీరింగు విద్యార్థిని ఐరిస్ వీబ్ వ్రాసుకొను అర్జీ.

తేదీ: మే 12.

అయ్యా,

విషయం: జనవరి–ఏప్రిల్ పని టర్ముకుగాను నా పని నివేదికకు ఇచ్చిన ‘అత్యుత్తమం’ అను శ్రేణిని రద్దుపరచి, నన్ను అనుత్తీర్ణురాలిగా ప్రకటించి, తిప్పి పంపబడిన నా అసలు నివేదికను దస్త్రములో చేర్చి, దాని ప్రతిని కాల్డర్ ఫాల్స్ పట్టణ భవన తనిఖీ అధికారికి పంపవలసినదిగా కోరుట గురించి.

ఇటువంటి మనవి తమ కార్యాలయానికి ఇదివరకెన్నడూ రాలేదని కౌంటరు వద్ద తెలిసినది. అందుకు తగిన ఫారం కూడా లేదు. ఉన్న ఫారంలో ‘శ్రేణి పెంపు కోరుటకు కారణములు’ అనే గడి ఒక్కటే ఉంది. ‘పెంపు’ కొట్టివేసి ‘తగ్గింపు’ అని వ్రాసి జతపరిచాను. ఈ దిద్దుబాటుకు క్షమించగలరు.

చదువు మధ్య మధ్య కంపెనీల్లో పనిచేసి రావలసిన ఐదు పని టర్ములలో ఉత్తీర్ణత పొందినవారికే పట్టా ఇవ్వాలని కో-ఆప్ నియమం. ఇది నా ఐదవది. ఇది పోతే నా స్నేహితులతో కలిసి పట్టా పుచ్చుకోను. ఒక ఏడాది వెనకబడతాను. తెలిసే అడుగుతున్నాను. ఎందుకంటే, కాల్డర్ ఫాల్స్‌లో కొత్తగా లేస్తున్న మంచు హాకీ మందిరంలో ఎనిమిది వందల మంది కూర్చునే గ్యాలరీని నాలుగు కాంక్రీటు దూలాలు మోయవలసి ఉంది. ఆ దూలాల బలమెంతో ఎవరికీ తెలియదు. తెలుసునని చెప్పే కాగితం ఒకటుంది, అది అబద్ధం. అది అబద్ధమని చెప్పే కాగితం ఇంకొకటుంది, దాన్ని తమ కార్యాలయం తిప్పి పంపింది. సంగతి ఇంతే. వివరములు క్రింద మనవి చేయుచున్నాను.

1. తమ పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూల అనంతరం విద్యార్థి కంపెనీలకూ, కంపెనీ విద్యార్థులకూ వరుస సంఖ్యలు వేస్తారు. ఆ రెంటినీ కూడి యంత్రం జత కుదురుస్తుంది. కుదిరిన జతను కాదనడానికి లేదు. పెళ్ళిళ్ళకు కూడా లోకంలో ఇంత నిక్కచ్చి లేదు. నేను ఈ కాంక్రీటు పరీక్షల కంపెనీకి ‘1’ వేశాను. కారణం తమ నడవాలోని అద్దాల బీరువా. నిరుడు ఇదే కంపెనీలో పనిచేసిన విద్యార్థి నివేదిక ప్రశంసాపత్రంతో సహా అందులో ఉంది. నలభై ఒక్క కాంక్రీటు బలం పరీక్షల ఫలితాలు, ఒక్కటీ ముప్ఫై మూడు మెగాపాస్కల్‌లకు తగ్గలేదు, ముప్ఫై ఆరు దాటలేదు. ఎంత నాణ్యమైన పనితనమో అనుకున్నాను. అంత విధేయతగల కాంక్రీటు ప్రకృతిలో ఉండదని ఇప్పుడు తెలిసింది.

2. ఉద్యోగ ప్రకటనలో నా హోదా ‘అధునాతన పదార్థ పరిశోధన సహాయకురాలు’. చేసిన పని, కాంక్రీటు అంటిన ప్లాస్టిక్ అచ్చులను గోకి కడగడం; అరలపై వాటిని సర్దడం; సైటుకు పోయి నమూనాలు తీయడం. దీనిపై నాకు ఫిర్యాదు లేదు. అచ్చులు కడగడం చిన్నతనం కాదు. అచ్చులు కడిగే పనికి ఆ పేరు పెట్టినవారికి, దాన్ని చదివి ఆమోదముద్ర వేసినవారికి సిగ్గు లేకపోవడం గురించి మాత్రం ప్రస్తావించక తప్పదు.

3. ఫిబ్రవరిలో, ఫ్యామిలీ డే అనే సోమవారపు సెలవుకు ముందు శుక్రవారం, పైన చెప్పిన నాలుగు దూలాలకు కాంక్రీటు పోశారు. ఆనాటి చలి మైనస్ ఇరవై ఆరు. లారీ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. సరుకు గట్టిపడుతోందని అందులో గొట్టంతో నీళ్ళు కలిపారు. నేను చూశాను. ఇనుప గరాటులో నింపి, గరాటు పైకెత్తి, ముద్ద ఎంత కుంగుతుందో కొలవడం నా పని. నీళ్ళు ఎక్కువైతే ఎక్కువ కుంగుతుంది, బలం తగ్గుతుంది. ఎనిమిది, మహా అయితే పదకొండు సెంటీమీటర్లు కుంగవచ్చు. పదహారు కుంగింది. పదహారనే వ్రాశాను. ఆ పిమ్మట మూడు అచ్చుల్లో నమూనా దిమ్మెలు పోసి, కరెంటుతో వేడెక్కే పెట్టెలో ఉంచాను. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత ఆ దిమ్మెలను యంత్రంలో నలగగొట్టి చూసి, దూలం బలం ఇంత అని నిర్ణయిస్తారు. దూలాన్ని కోసి చూడలేం కనుక దూలం తరఫున సాక్ష్యం చెప్పేవి ఆ మూడే.

నా పై అధికారి డెల్మర్ హాక్ గారు సైటు ట్రెయిలరులో కాఫీ తాగుతూ కిటికీ తీసి పిలిచారు.

“ఐరిస్, నా బండి ఇంజను గడ్డకడుతోంది. కాస్త ప్లగ్గు పెట్టు తల్లీ. లేకపోతే సాయంత్రం నువ్వే నన్ను ఇంటిదాకా మోసుకెళ్ళాలి.”

“ఒకటే సాకెట్ ఉంది డెల్మర్. దాంట్లో దిమ్మెల పెట్టె ప్లగ్గుంది.”

“గంటసేపేగా. కాంక్రీటుకు చలేస్తుందా ఏంటి? పోనీ స్వెట్టరు అల్లుతావా?”

పెట్టె ప్లగ్గు పీకి బండి ప్లగ్గు పెట్టాను. ఈ ప్రాంతంలో చలికాలం బండి ఇంజను గడ్డకట్టకుండా వేడిచేసే తీగకు ప్లగ్గు పెట్టమంటే కాదనడం, దాహమన్నవారికి నీళ్ళు లేవనడంతో సమానం. ఎవరూ అనరు, నేనూ అనలేదు. మూడు గంటలకు మంచుతుఫాను వస్తుందంటే వేరేవారి కారులో వెళ్ళిపోయాను. నాలుగింటికి డెల్మర్ గారు తన బండి తీగ చుట్టుకుని వెళ్ళారు. పెట్టె తీగ నేల మీదే ఉండిపోయింది. పీకింది నేను. తిరిగి పెట్టనిది ఆయన. ఒక్కసారి వెనక్కి వచ్చి చూసుకోకుండా పోయింది మళ్ళీ నేనే. నా అసలు నివేదికలో ఈ మూడు వాక్యాలూ ఇదే వరుసలో ఉన్నాయి, దాచినది లేదు.

4. సెలవు ముగిసి మంగళవారం మూత తీసేసరికి పెట్టెలో మైనస్ తొమ్మిది. దిమ్మె అంచును వేలితో గీస్తే ఇసుకలా రాలింది. దూలాలకు దుప్పట్లు కప్పి వేడిగాలి పెట్టారు కనుక వాటికేమీ కాకపోయి ఉండవచ్చు. దిమ్మెలు మాత్రం పనికిరావు. అప్పుడు చేయవలసినది ఫలానా నమూనాలు పాడైనవని వ్రాసి, దూలం నుంచే చిన్న ముక్కను డ్రిల్లుతో తీసి పరీక్షించమని అడగడం. నేనది చెప్పబోయాను.

డెల్మర్ గారు పెట్టెలోకి తొంగి చూసి నవ్వారు. “చచ్చాయి పాపం. చెత్తలో పడెయ్. గురువారం పోసినవి మూడు ఎక్కువున్నాయిగా, వాటి మీద ఈ నంబర్లు రాసెయ్.”

“గురువారం పోసింది గోడలకి. ఇవి దూలాలవి.”

“తను గోడో దూలమో కాంక్రీటుకు తెలుస్తుందా?”

“శుక్రవారం లారీలో నీళ్ళు కలిపారు. పదహారు కుంగింది, నేనే కొలిచాను.”

“దాన్ని తొమ్మిది చేశాలే. కంగారు పడకు.”

“నేను రాయను డెల్మర్.”

“చూడమ్మాయ్, ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. నేను సంతకం పెట్టిన బిల్డింగు ఒక్కటీ పడలేదు.”

“పడేదాకా ఏ బిల్డింగైనా పడనిదే కదా.”

“డిబేట్ క్లబ్బులో కప్పులు కొట్టావంటగా. మంచిది. నాకిక్కడ కప్పులొద్దు, నంబర్లు కావాలి.”

నేను వ్రాయలేదు. ఆయన వ్రాశారు. మార్చిలో గోడ దిమ్మెలు ముప్ఫై నాలుగు దగ్గర నలిగాయి. దూలాల బలం ముప్ఫై నాలుగు అని కాగితం పుట్టింది.

5. టర్ము చివర నా పనితీరు పత్రం వచ్చింది. ‘సమయపాలన: బాగు. సాంకేతిక నైపుణ్యం: బాగు. నైతిక ప్రవర్తన: మెరుగుపడవలెను.’

6. జరిగినదంతా పని నివేదికగా వ్రాశాను. ముప్ఫై ఒక్క పేజీలు. పెట్టెలోని ఉష్ణమాపకం ఫోటోతో సహా. అయితే ఏ నివేదికైనా కంపెనీ సంతకంతో రావాలని తమ నియమం. కంపెనీ సంతకం పెట్టలేదు. ఏప్రిల్ 22న తమ సలహాదారు కోరిన్ మాకే గారు పిలిపించారు. నాపై ఆమెకు ద్వేషం లేదు. బల్ల మీద తాను చేసి తెచ్చిన బటర్ టార్టులు, అంటే వెన్నా చక్కెరా నింపిన చిన్న తీపి రొట్టెలు, ఉంటే నావైపు జరిపారు. మా మధ్య జరిగిన సంభాషణ అదే సాయంత్రం వ్రాసిపెట్టుకున్నాను.

“నువ్వు చెప్పింది తప్పని నేననటం లేదు ఐరిస్. సంతకం లేదంటున్నా, అంతే.”

“నేను ఎవరి మీద రాశానో వాళ్ళ సంతకమే కావాలా?”

“వాళ్ళ వ్యాపార రహస్యాలు బయటికి పోకూడదు కదమ్మా.”

“దొంగ నంబర్లు రాయడం వ్యాపార రహస్యమా?”

“ఇదిగో, ఇలా మాట్లాడితే రేపు నిన్ను ఇంటర్వ్యూకు ఎవరు పిలుస్తారు చెప్పు? వాళ్ళు పదేళ్ళుగా మన దగ్గర పిల్లల్ని తీసుకుంటున్నారు. వచ్చే టర్ముకు ఆరుగుర్ని అడిగారు. ఆరుగురు.”

“అయితే నేను టౌనాఫీసుకే ఇస్తాను.”

“అస్సలు వద్దు. యజమాని మీద ఫిర్యాదు ఏదైనా మా ద్వారానే పోవాలి. నువ్వే వెళ్ళావనుకో, పథకం నుంచి తీసేస్తారు. రూలుంది.”

“మరి మీ ద్వారా పంపండి.”

“సంతకం లేంది నేనెలా తీసుకోను?”

మాటకు మాట జవాబు చెప్పడమే నాకు చేతనైన విద్య. ఆ గదిలో అది దేనికీ అక్కరకు రాలేదు.

కోరిన్ గారు టార్టు పళ్ళెం ఇంకాస్త దగ్గరికి జరిపారు. “అక్కడ అరలు సర్దావన్నావు కదా? అచ్చులు రంగుల వారీగా పెట్టావని? దాని మీద రాసెయ్. పదిహేను పేజీలు చాలు. గ్రాఫులు పెట్టు, గ్రాఫులుంటే దిద్దేవాళ్ళకి ఇష్టం.”

“అరలు సర్దిందీ నేనే, గరాటు పట్టిందీ నేనే. మీకు అరలే ఎందుకు నచ్చాయి?”

“అరల మీద సంతకం దొరుకుతుంది కాబట్టి. తిను, చల్లారిపోతాయి.”

తిన్నాను. బాగుంది. అది కూడా చెప్పుకోవలసిన విషయమే.

7. గడువు ఏప్రిల్ 24. పట్టా పోతుందన్న భయంతో, ‘నమూనా అచ్చుల వర్ణక్రమ అమరిక వలన కలుగు సమయపు ఆదా: ఒక విశ్లేషణ’ అను పేరుతో పదిహేను పేజీలు, ఆరు గ్రాఫులు ఒక్క పూటలో తయారుచేసి సమర్పించాను. ఒక్కో అచ్చు వెతకడంలో నాలుగు సెకన్లు ఆదా అని నిరూపించాను. ఆ నాలుగు సెకన్లు నేను కొలవలేదు. నా చేతికి గడియారం కూడా లేదు. నాలుగైతే నమ్మేలా ఉంటుందనిపించి నాలుగు వేశాను. గ్రాఫు మరీ నున్నగా వస్తే అనుమానిస్తారని రెండు చుక్కలను కాస్త కిందికి జరిపాను.

డెల్మర్ గారికి ఆ పని నేర్చుకోవడానికి ఇరవై రెండేళ్ళు పట్టి ఉండవచ్చు. నాకు ఒక పూట పట్టింది. ఈ అర్జీలో ఉన్న అసహ్యంలో సింహభాగం ఎవరికి చెందుతుందో తమరు గ్రహించగలరు.

8. ఆ నివేదికపై కంపెనీ అదే రోజు సంతకం పెట్టింది. మే 4న ‘అత్యుత్తమం’ వచ్చింది. అద్దాల బీరువాకు ఎంపిక చేస్తున్నట్టు వేరే ఉత్తరం వచ్చింది. సవరించిన పనితీరు పత్రం కూడా వచ్చింది. అందులో ‘నైతిక ప్రవర్తన: అసాధారణం’. టర్ము ముగిశాక, ఒక్క రోజు కూడా పనిలోకి పోకుండా, నా నీతి ఇన్ని మెట్లు ఎలా ఎక్కిందో పరిశోధింపదగిన విషయం.

ఎదుటివారి వాదనను వారికంటే బలంగా చెప్పి ఆ తర్వాతే ఖండించాలన్నది మా డిబేట్ క్లబ్బులో మొదటి పాఠం. కనుక తమ తరఫు వాదనను నేనే మనవి చేస్తాను. దూలాలు గట్టిగానే ఉండవచ్చు. ఉండే అవకాశమే ఎక్కువ. ఒక్క విద్యార్థిని మాట మీద పదేళ్ళ సంబంధం చెడితే, రాబోయే ఆరుగురి చోటు పోతుంది. ఆ ఆరుగురిలో ఈ టర్ము దొరక్కపోతే చదువే మానుకోవలసినవారు ఉండవచ్చు. పైగా ప్లగ్గు పీకినది ఫిర్యాది చేతులే.

మూడూ నిజమే. మూడింటికీ ఒకటే జవాబు. దూలాలు బలహీనమని నేను ఎక్కడా అనలేదు. ఎవరికీ తెలియదన్నాను. తెలియనిదాన్ని తెలుసునని వ్రాయడం ఎలాగో నేర్పడానికి ఆరుగురిని పంపడం కంటే, పంపకపోవడమే వారికి చేసే మేలు. ఇక ప్లగ్గు సంగతి: పొరపాటు చేసినవారు ఆ పొరపాటును వ్రాసి సంతకం పెడితే తిప్పి పంపి, అరల మీద కథ వ్రాస్తే బీరువాలో పెట్టే చోట, పొరపాట్లు ఎవరు ఒప్పుకుంటారు? అనుభవం ఇస్తామనే పేరుతో తమరు నడుపుతున్న ఈ పథకం నాకిచ్చిన అనుభవం ఇది. ఇంతకు మించిన తరగతి గది పాఠం నాకు నాలుగేళ్ళలో దొరకలేదన్నది ఒప్పుకుంటాను. దాన్ని తలచుకుంటే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

కావున తమరు దయతో, అరల నివేదికను కల్పిత లెక్కల కారణంగా రద్దుచేయవలెను. నన్ను ఈ టర్ములో అనుత్తీర్ణురాలిగా ప్రకటించవలెను. అసలు నివేదికను సంతకంతో నిమిత్తం లేకుండా స్వీకరించి, మే 25కు ముందే కాల్డర్ ఫాల్స్‌కు పంపవలెను. ఆ రోజున గ్యాలరీకి సీట్లు బిగించి, దూలాల అడుగున పలకలు కప్పుతారు. ఆ తర్వాత డ్రిల్లు పెట్టాలంటే కట్టినది విప్పాలి. విప్పడానికి ఎవరూ ఒప్పుకోరు.

కోపంతో వ్రాసినదని పక్కన పెట్టక, కోపం తీసేసి మిగిలినదాన్నయినా చిత్తగించవలెను.

దస్త్రముల ప్రకారం ఇంకను తమ విధేయురాలు,
ఐరిస్ వీబ్

తా.క. పై అర్జీని ఉదయం తమ కౌంటరులో ఇచ్చాను. అక్కడి అమ్మాయి తేదీ ముద్ర చేతిలో పట్టుకుని, “ముప్ఫై పనిదినాల్లో జవాబొస్తుంది, ఈమెయిల్ చూసుకుంటూ ఉండు” అంది. ముప్ఫై పనిదినాలంటే జూన్ నెలాఖరు. కాగితాలు వెనక్కి అడిగితే, “మనసు మార్చుకున్నావా, మంచిపని చేశావ్” అని ఇచ్చేసింది.

పదిన్నర బస్సుకు కాల్డర్ ఫాల్స్ వెళ్ళాను. భవన తనిఖీ అధికారి గదిలో ఒక పెద్దాయన కోటు వేసుకుని భోజనానికి బయలుదేరుతున్నాడు. ముప్ఫై ఒక్క పేజీలూ నిలబడే చదివాడు. కోటు విప్పాడు.

“ప్లగ్గు పీకింది ఎవరు?”

“నేనే.”

“ఊఁ. ఏ దూలాలు?”

ఫిబ్రవరి నుంచి ఆ రెండో ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఆయన డ్రాయింగు పరిచి పెన్సిల్ నా చేతికిచ్చాడు. నాలుగు గుండ్రాలు చుట్టాను.

“గురువారం తొమ్మిదింటికి డ్రిల్లు పెట్టిస్తా. నువ్వు రాగలవా? ఆ లారీ సరుకు ఎక్కడిదాకా పోశారో చూసింది నువ్వొక్కదానివే.”

“వస్తాను. కానీ మీ దగ్గరికి నేరుగా వచ్చినందుకు నన్ను కాలేజీ పథకం నుంచి తీసేస్తారు.”

“తీసేస్తే తీసెయ్యనీ. బూట్లు గట్టివి వేసుకురా, అక్కడ మేకులున్నాయి.”

కాబట్టి పై మనవిలో మూడవది తమరు ఇక చూడనక్కరలేదు. నేనే చేశాను, నిబంధన ఉల్లంఘించి చేశాను. మిగిలిన రెండూ అలాగే ఉన్నాయి, అందుకే ఈ కాగితాలు తమకు మళ్ళీ పంపుతున్నాను. గురువారం దూలాలు గట్టివనే తేలవచ్చు. తేలాలనే కోరుకుంటున్నాను, ఇంతగా ఏదీ కోరుకోలేదు. తేలినా సరే, నన్ను ఈ టర్ములో ఫెయిలు చేయమన్న మనవి మారదు.

తమరికి తీరిక ఉంటే గురువారం రావచ్చు. హెల్మెట్లు అక్కడే ఇస్తారు.